తెనాలి దాకా వచ్చిన కుంపటి

ఉప్పు నీరైపోయే ఊళ్ళో మీరెప్పుడైనా కాపురం చేశారా? డబ్బా నిండా పోసిన ఉప్పు మర్నాటికి ముద్దకట్టి, ఆ మర్నాటికి సగం నీళ్ళై కూర్చుంటుంది. అగ్గిపుల్ల గీస్తే తల ఊడొస్తుంది గానీ వెలగదు. ఉతికిన బట్ట ఆరదు, ఆరిన బట్ట కట్టుకోగానే చెమటకి మళ్ళీ తడుస్తుంది. రేపల్లె దాటి సముద్రం వైపు పోతే మడ అడవి అంచున అలాంటి చిన్న పట్నం ఒకటుంది. రిటైరయ్యాక నేనూ మావారూ అక్కడ జీతం లేని కొలువు చేశాం. కొత్తగా నర్సింగులో చేరిన పిల్లలు నన్ను కలిసినప్పుడల్లా "మీ సర్వీసులో మరిచిపోలేని కేసేంటి మేడమ్?" అని అడుగుతారు. నా సర్వీసంతా కాన్పుల వార్డులోనే గడిచింది. అయినా ఆ ప్రశ్నకి నాకు గుర్తొచ్చేది మాత్రం సర్వీసు అయిపోయాక చూసిన కేసే.

అక్కడికి ఎందుకెళ్ళామో ముందు చెప్పాలి. నేను తెనాలిలో నర్సుగా రిటైరయ్యాను. మావారు బస్సు డిపోలో మెకానిక్కు, నాకంటే ముందే రిటైరయ్యారు. మాకు పిల్లల్లేరు. ఉద్యోగాలున్నన్నాళ్ళూ ఆయనకి నైటైతే నాకు డే, నాకు నైటైతే ఆయనకి డే. అంత అన్యోన్యంగా ఎలా ఉండగలిగామో రిటైరయ్యాక తెలిసింది. ఆయనకి చేతులు ఊరుకోవు. ఇంట్లో చక్కగా పనిచేస్తున్న ప్రతి వస్తువునీ విప్పి బాగుచెయ్యడం మొదలుపెట్టారు. మిక్సీ పోయింది, గోడ గడియారం పోయింది. ఆ రోజుల్లోనే బాపట్లలో ఉంటున్న నా పాత స్నేహితురాలు ఫోన్ చేసింది. మడ అడవి పక్క ఊళ్ళో ఒక ట్రస్టు క్లినిక్కు నడుపుతోందట, ఏడాది పాటు అక్కడే ఉండే నర్సు కావాలట, భర్త కూడా వచ్చి చేతిసాయం చేస్తే మరీ మంచిదట. ఆవిడ ఇంకా చెబుతూనే ఉంది, మావారు స్క్రూడ్రైవరు పట్టుకుని ఫ్రిజ్జు వైపు నడుస్తున్నారు. నేను వెంటనే ఒప్పేసుకున్నాను.

క్లినిక్కు వెనక రెండు గదులు మాకిచ్చారు. కిటికీ తీస్తే మడ చెట్లు, వాటి కింద నల్లటి బురద, ఆ బురదలోంచి పైకి పొడుచుకొచ్చిన వేళ్ళు. పోటుకి నీళ్ళొస్తాయి, ఆటుకి దోమలొస్తాయి. బాత్రూంలోకి పీతలొస్తాయి. మావారు చెప్పు పట్టుకుని వాటి వెంటపడేవారు. పీత అడ్డంగా నడుస్తుందన్న సంగతి ఆయనకి ఏడాది పొడుగునా అలవాటు కాలేదు. బీరువాలో పెట్టిన నా బురఖాకి తెల్లగా బూజు పట్టింది. దానికి మాత్రం ఆయన మంచి వైద్యమే చేశారు. బీరువాలో చిన్న బల్బు వేలాడదీసి రాత్రింబవళ్ళు వెలిగించారు. క్లినిక్కులో దూదీ గాజుగుడ్డా దాచే అల్మారాకీ అదే ఏర్పాటు. ఆయన చెయ్యి పడి బాగుపడిన వస్తువులు ఆ ఊళ్ళోనే చూశాను.

తెల్లవారుజామున నమాజు కాగానే ఆయన మంచినీళ్ళ క్యాన్లు మోసుకొచ్చేవారు. నేను టీ పెట్టేదాన్ని. టీ తాగుతుండగానే వరండాలో దగ్గులు వినపడేవి. చలిజ్వరాలు, తామర, మడ వేళ్ళు గుచ్చుకున్న పాదాలు, షుగర్లు, బీపీలు. డాక్టరుగారు బాపట్ల నుంచి వారానికి రెండుసార్లు వచ్చేవారు, మిగతా రోజుల్లో ఫోన్లో చెప్పేవారు. మావారు బయట బల్ల దగ్గర కూర్చుని పేర్లు పిలిచేవారు. ఊరంతా నన్ను సిస్టర్ అంటుంటే ఆయన నోటికీ అదే పట్టుకుంది. ఒకరోజు నిండు వరండాలో "సిస్టర్‌గారూ, అన్నానికి వస్తున్నారా?" అని కేకేశారు. ఆడవాళ్ళంతా కొంగులు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వారు. ఆ తర్వాత ఎంత వద్దన్నా మానలేదు, ఇంట్లో కూడా సిస్టర్‌గారే.

ఆ వరండాకే ఒకనాడు మా వీధి చివరి పీతలామె తన కోడల్ని వెంటబెట్టుకొచ్చింది. పీతలామెకి భర్త లేడు. మడ కాలవల్లో పీతలు పట్టేవాళ్ళ దగ్గర కొని, బుట్టలో పెట్టుకుని అమ్ముకునేది. కొడుకు సముద్రంలో వేటకి పోతే కొన్నాళ్ళ దాకా ఫోనుకి కూడా దొరకడు. కోడలిది బాపట్ల వైపు ఊరు, తొలి కాన్పు. కాళ్ళు వాచాయి, ముఖం వాచింది, వేలి ఉంగరం ఊడి రావడం లేదు. బీపీ చూస్తే చాలా ఎక్కువుంది. మళ్ళీ చూశాను, ఏమీ తగ్గలేదు. డాక్టరుగారు ఫోన్లోనే మాత్రలు చెప్పి, ఆలస్యం చెయ్యకుండా తెనాలి పంపించి ఆసుపత్రిలో చేర్పించమన్నారు.

"ఇప్పుడు కుదరదండి. ఎనిమిదో నెల" అంది పీతలామె.

నర్సింగు పిల్లలూ, ఇది మీకు పుస్తకాల్లో ఉండదు. కడుపుతో ఉన్న పిల్లని బేసి నెలలో పుట్టింటికి పంపుతారు. సరి నెలలో, అందులోనూ ఎనిమిదో నెలలో, ఇల్లు మార్చరు, వేరే ఇంట నిద్ర చెయ్యనివ్వరు. మా తెనాలి ముస్లిం ఇళ్ళల్లోనూ మా అమ్మ తరం వాళ్ళు దీన్ని గట్టిగానే పట్టించుకునేవారు. ఈ పిల్లని ఏడో నెలలో తీసుకెళ్ళాల్సిన తల్లి కాలు విరిగి మంచాన పడింది. అందుకని తొమ్మిదో నెల పడేదాకా ఆగుదామనుకున్నారు.

"అప్పటిదాకా పిల్ల ఆగొద్దూ?" అన్నాను.

"మీరు మందులియ్యండి సిస్టర్‌గారూ. రోజూ తీసుకొచ్చి చూపిస్తా. ఊళ్ళో ఎక్కడికి రమ్మన్నా వస్తా. ఇల్లు మాత్రం కదిలించను."

నాకు నోరు ఎక్కువ. కాన్పుల వార్డులో దానికి పేరుంది. అక్కడ నేను గదమాయిస్తే మొగుళ్ళు పరిగెత్తుకెళ్ళి రక్తం తెచ్చేవారు. అదే ధాటిలో, "కోడలంటే నీకంత అలుసా? కూతురైతే ఇలాగే కూర్చోబెడతావా?" అనేశాను. పీతలామె కోడలి చెయ్యి పట్టుకుని లేచి వెళ్ళిపోయింది. మర్నాడు రాలేదు. ఆ మర్నాడూ రాలేదు. ఊరి ఆశా కార్యకర్త వెళ్తే తలుపు తీసి, మాత్రలు వేస్తున్నామని చెప్పి పంపేసిందట.

"మీ సైలెన్సరు ఊడిపోయింది సిస్టర్‌గారూ" అన్నారు మావారు. కోపంతో ఆ పూట ఆయనకి టీ ఇవ్వలేదు. అయినా ఆయన సాయంత్రం సంచీ పుచ్చుకుని బయల్దేరి, పీతలు కొనుక్కొచ్చారు. మా ఇళ్ళల్లో చేపలు తింటాం, రొయ్యలు తింటాం, పీతలు తినం. అది ఆయనకీ తెలుసు, పీతలామెకీ తెలుసు. ఆ పీతల్ని మా క్లినిక్కు ఊడ్చే ఆమెకి ఇచ్చేశారు. మర్నాడు మళ్ళీ సంచీ పట్టుకున్నారు. అలా రోజూ వెళ్ళి, ఆ ఇంటి అరుగు మీద కూర్చుని, ఏవో కబుర్లు చెప్పి, కోడలి ముఖం చూసి వచ్చేవారు. వాపు పెరిగిందా, మాత్ర వేసుకుందా, తలనొప్పి అంటోందా, నేనేమేం అడగమన్నానో అన్నీ బేరంలో కలిపి అడిగి వచ్చేవారు. క్లినిక్కు ఊడ్చే ఆమె మాత్రం, "ఇంక పీతలొద్దు బాబుగారూ, పిల్లలు అన్నం దగ్గరికి రావట్లేదు" అని మొత్తుకుంది.

ఒకరోజు ఆయన మామూలుగా నవ్వుతూ రాలేదు. చెప్పులు విప్పి మెట్టు మీదే కూర్చున్నారు.

"ఆవిడకో కూతురుండేదంట. మొదటి కాన్పు. ఎనిమిదో నెలలో ఒంట్లో బాగాలేదని అల్లుడు వేరే ఊరు ఆసుపత్రికి తీసుకెళ్ళాడంట. ఈవిడ ఇంటి దగ్గరే ఉండిపోయింది. దారిలోనే పోయిందంట, తల్లీ బిడ్డా."

 కూతురైతే ఇలాగే కూర్చోబెడతావా అని నేను ఆ మనిషినే అడిగాను. ఆవిడ అడ్డం పడుతోంది కోడలంటే లెక్కలేక కాదు. బయల్దేరిన పిల్ల తిరిగి రాదని ఆవిడకి అనుభవంలో తెలుసు. ఆ పిల్ల పోయింది ప్రయాణం వల్ల కాదనీ, ఆలస్యం వల్లేమోననీ నేను చెప్పగలను. కానీ పోయిన కూతురి గురించి ఒక తల్లికి ఆ మాట ఎవరు చెబుతారు? మర్నాడు నేనే వెళ్ళాను. క్షమించమని అడగబోతే ఆవిడ పీట వాల్చి, "కూర్చోండి, బీపీ చూడండి" అంది. నేనేదో అన్నట్టు, ఆవిడ విన్నట్టు ఆనవాలే లేదు. ఆ రోజు నుంచి మిషను పట్టుకుని రోజూ నేనే వెళ్ళాను. మాత్రలు పెంచాం, ఉప్పు తగ్గించాం, ఎడమ పక్కకి తిరిగి పడుకోమన్నాం. బీపీ ఒకరోజు తగ్గేది, రెండ్రోజులు పెరిగేది. తెనాలి మాటెత్తితే మాత్రం ఆవిడ తల అడ్డంగా ఊపేది.

వాన ముసురు పట్టిన ఒక మధ్యాహ్నం పీతలామె తడుస్తూ పరిగెత్తుకొచ్చింది. తనంతట తనే వచ్చింది.

"పిల్లకి కళ్ళ ముందు మెరుపులు మెరుస్తున్నాయంటందండి. తల పగిలిపోతందంట."

ఆ మాట వింటే ఏ నర్సైనా పరిగెత్తాలి. ఫిట్స్ రాబోతున్నాయన్నమాట. వెళ్ళి చూస్తే బీపీ ఆ పిల్లకి నేనెప్పుడూ చూడనంత పైన ఉంది. డాక్టరుగారికి ఫోన్ చేశాను. ఆయన చెప్పిన ఇంజక్షను చేశాను, అంబులెన్సు పిలిపించాను. బిడ్డ గుండె కొట్టుకుంటోంది. తల్లి నా చెయ్యి వదలడం లేదు. అంబులెన్సు వచ్చి వీధిలో ఆగింది. పీతలామె పోయి గుమ్మంలో అడ్డంగా కూర్చుంది.

"ఎక్కడికీ వద్దు. ఇక్కడే చెయ్యండి. మీ కాళ్ళు పట్టుకుంటా, ఇక్కడే చెయ్యండి."

"నావల్ల కాదమ్మా. ఇక్కడుంటే ఇద్దరూ దక్కరు" అన్నాను. ఈసారి నా గొంతు లేవలేదు, ఏడుపే వచ్చింది. కొడుకుకి ఫోన్ చేస్తే సముద్రంలో ఎక్కడున్నాడో మోగనే లేదు. అంబులెన్సు కుర్రాడు గడియారం చూసుకుంటున్నాడు. ఆవిడని పక్కకి లాగేసి పిల్లని తీసుకెళ్ళొచ్చు, కానీ లోపలున్న పిల్ల కూడా "అత్త రమ్మంటేనే" అంటోంది. అప్పుడు మావారు వానలోనే ఆవిడ ముందు గొంతుకూచున్నారు.

"అక్కా, తుపాన్లప్పుడు స్కూలు బిల్డింగులోకి పోతే మీ అత్తగారు అన్నిటికంటే ముందు కుంపటి ఎత్తుకెళ్ళేదని చెప్పావు, గుర్తుందా?"

ఆవిడ తలెత్తింది.

"అక్కడ కుంపటి అంటించి, ఇదే మనిల్లు అనేదన్నావు. ఎనిమిదో నెల వాళ్ళు కూడా అక్కడే పడుకున్నారన్నావు. వాళ్ళు వేరే ఇంట నిద్ర చేసినట్టా?"

"కాదు. కుంపటి వచ్చాక అది వేరే ఇల్లెట్లా అవుద్ది?"

"మరి తెనాలిలో మా ఇల్లు తాళం వేసుంది. నీ కుంపటి తీసుకుని నువ్వూ రా. మా ఇంట్లో అంటించు. పిల్ల పుట్టింటికీ పోవట్లేదు, పరాయింటికీ పోవట్లేదు. అత్తారింట్లోనే ఉంటది. ఆసుపత్రి ఆ ఊళ్ళోదేగా."

గ్యాసు పొయ్యి ఉన్నా ఆవిడ చేపల పులుసు కుంపటి మీదే కాచేది. మావారు రోజూ ఆ అరుగు మీద కూర్చుని ఆ కబుర్లన్నీ విన్నారు కాబట్టి ఆ మాట అనగలిగారు. నా దగ్గర మందు ఉంది గానీ ఆ మాట లేదు. పీతలామె ఆయన ముఖంలోకి చూసింది, నా ముఖంలోకి చూసింది. "మీ ఇంట్లో నా కుంపటి పెట్టనిస్తారా సిస్టర్‌గారూ?" అని అడిగింది. మా ఇల్లు ఏ మతం వాళ్ళదో ఆవిడకి తెలుసు, ఆవిడ పులుసు ఏ వాసనేస్తుందో నాకు తెలుసు. "వంటగది మధ్యలో పెట్టుకో తల్లీ" అన్నాను. ఆవిడ లేచి లోపలికి పోయి, కుంపట్లో నిప్పులు దులిపి, బొగ్గుల సంచీ చంకన పెట్టుకుని వచ్చింది.

అంబులెన్సు కుర్రాడు లబోదిబోమన్నాడు. "లోపల ఆక్సిజన్ ఉందమ్మా, నిప్పుల కుంపటి ఏంటి?" అన్నాడు. చల్లారిందో లేదో చెయ్యి పెట్టి చూడమన్నా వినలేదు. చివరికి మావారు దాని మీద చెంబెడు నీళ్ళు కుమ్మరించి, ఒళ్ళో పెట్టుకుని ముందు సీట్లో కూర్చున్నారు. వెనకాల పిల్ల పక్కన నేను, నా పక్కన పీతలామె. వానలో రేపల్లె దాటాం. పిల్ల చెయ్యి అదిరినప్పుడల్లా ఫిట్స్ వచ్చాయేమోనని ముఖంలోకి చూశాను. దారి పొడుగునా పీతలామె కోడలి పాదాలు పట్టుకునే ఉంది.

తెనాలి వచ్చాక మా వీధి మొదట్లో బండి ఆగింది. అసలు ఆగే పని లేదు, నేరుగా ఆసుపత్రికే పోవాలి. మావారు కుంపటితో దిగుతున్నారు. పిల్ల ఆసుపత్రిలో అడుగుపెట్టేలోగా కుంపటి వెలగాలని, అది తన చేత్తోనే వెలగాలని పీతలామె అంది. అంటే తను ఇక్కడ దిగాలి, పిల్ల తను లేకుండా పోవాలి. ఒకసారి అలాగే ఇంటి దగ్గర ఉండిపోయి కూతుర్ని పోగొట్టుకున్న మనిషి ఆవిడ. దిగబోయి ఆగి, కోడలి చెయ్యి తీసి నా చేతిలో పెట్టింది.

"నువ్వు వదలమాక" అంది. అంతవరకూ నన్ను మీరనే పిలిచేది.

నేను వదల్లేదు. ఆపరేషన్ గది తలుపు దాకా పట్టుకునే నడిచాను. అక్కడ నా దగ్గర పనిచేసి పెద్దవాళ్ళైన పిల్లలే ఉన్నారు, నా ముఖం చూసి వెంటనే పిల్లని లోపలికి తీసుకెళ్ళారు. నా సర్వీసంతా నేను ఆ తలుపుకి లోపలి వైపే ఉన్నాను. బయట బల్ల మీద కూర్చున్నవాళ్ళకి కాలం ఎలా గడుస్తుందో ఆ రోజే తెలిసింది. నేను గదమాయించిన మొగుళ్ళందరూ వరసగా గుర్తొచ్చారు. పాపం, వాళ్ళని కూర్చోమనైనా అని ఉండాల్సింది.

ఆడపిల్ల పుట్టింది. పిడికెడంత పిల్ల, అయినా ఏడ్చింది. గాజు పెట్టెలో పెట్టారు. తల్లికి ఫిట్స్ రాలేదు. బీపీ మెల్లగా దిగడం మొదలుపెట్టింది. నేను ఇంటికి ఫోన్ చేస్తే మావారు ఎత్తి, "ఉండు, ఆవిడకి వినిపిస్తా" అన్నారు. చెప్పాను. అవతల నుంచి విసనకర్ర శబ్దం మాత్రం టపటపా వినపడుతోంది. తడిసిన బొగ్గులు రాజేస్తూ, ఆరిపోకుండా అంతసేపూ ఇద్దరూ మార్చి మార్చి విసురుతూనే ఉన్నారట.

పసిగుడ్డు బరువు పెరిగేదాకా ఆసుపత్రి వాళ్ళు వదల్లేదు. అన్నాళ్ళూ మావారు వెళ్ళి క్లినిక్కు చూసుకున్నారు, నేను, పీతలామె తెనాలిలో ఉన్నాం. మొదట్లో ఆవిడ నా వంట ముట్టలేదు, నేనూ అడగలేదు. కొన్నాళ్ళకి, "నీ టీ బావుంటదంట, బాబుగారు చెప్పారు, కాసిని పొయ్యి" అంది. ఆ తర్వాత ఆవిడ చేపల పులుసు నా పళ్ళెంలోకి, నా సేమ్యా ఆవిడ గిన్నెలోకి ఏ అడ్డూ లేకుండా వచ్చాయి. వేట నుంచి వచ్చిన కొడుకు నేరుగా మా గుమ్మంలోకే వచ్చి, కుంపటి చూసి, ఏమీ అడక్కుండా చెప్పులు విప్పి లోపలికి నడిచాడు.

తల్లీబిడ్డా ఆసుపత్రి నుంచి మా ఇంటికే వచ్చారు. పురిటి స్నానానికి కుంపటి మీద నీళ్ళు పెట్టారు. ఎన్ని వందల కాన్పులు చేశానో లెక్క లేదు, నా ఇంట్లో మాత్రం పురిటి నీళ్ళు ఎన్నడూ కాగలేదు. ఆ ఆవిరి వంటగది నిండా కమ్ముకుంటుంటే గోడకి ఆనుకుని నిలబడి ఏడ్చాను. పిల్లలు లేరని నేను బాధపడ్డ రోజులున్నాయి, పడనట్టు నటించిన రోజులు అంతకంటే ఎక్కువ. పీతలామె చూసింది. ఓదార్చలేదు. పసిదాన్ని నా కాళ్ళ మీద పడుకోబెట్టి, "నీళ్ళు నువ్వు పొయ్యి, నా చేతులు గరుకు" అంది.

తొమ్మిదో నెల ఎప్పుడో దాటిపోయింది, ఊరికి పోవడానికి ఏ అడ్డూ లేదు. ఆటో వచ్చింది, సామానెక్కించారు. కుంపటి మాత్రం వంటగదిలోనే ఉంది. మావారు ఎత్తుకొస్తుంటే ఆవిడ ఆపింది.

"దాన్ని తీసుకుపోతే ఈ ఇల్లు ఎత్తేసినట్టవుద్ది బాబుగారూ. ఉండనియ్యండి. నేను వేరేది కొనుక్కుంటా."

మా ఏడాది అయిపోయి మేం తెనాలి తిరిగొచ్చేశాం. ఇక్కడ ఉప్పు ఉప్పుగానే ఉంటుంది, అగ్గిపుల్ల గీయగానే వెలుగుతుంది. మావారు ఫ్రిజ్జు విప్పారు, అదీ పోయింది. కుంపటి వంటగది మూలన ఉంది. దాన్ని మాత్రం బాగుచేస్తానని ఆయన ఎప్పుడూ అనలేదు.

మొన్న ఫోన్ మోగితే మావారు ఎత్తి, కాసేపు మాట్లాడి నా చేతికిచ్చారు.

"సిస్టరమ్మా, బావున్నావా? కోడలికి మళ్ళీ ఏడో నెల పడింది. వాళ్ళమ్మ పంపమంటంది. పిల్లేమో తెనాలి ఇంటికే పోదామంటంది. ఈసారి ఎనిమిదోది రానివ్వకుండా ముందే బయల్దేరుతున్నాం. కుంపటి బానే ఉందా?"

ఉందని చెప్పబోయి చూస్తే మూల ఖాళీగా ఉంది. మావారు అప్పటికే దాన్ని వరండాలోకి తెచ్చి, బూడిద దులిపి, తడిగుడ్డతో తుడుస్తున్నారు.